చీటీ రాసిచ్చి పంపేస్తే సరిపోదు

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న హెల్ప్ డెస్క్ వాలంటీర్లకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పినవాటిలో సగం తీసేసినా నష్టం లేదు. నాకిచ్చిన అంశం 'సేవల సమాచార వ్యవస్థలు, వాటి భవిష్యత్తు'. భవిష్యత్తు సంగతి టైముంటే చూద్దాం. ముందు చీటీ సంగతి తేల్చాలి.

ఏ చీటీ అంటారా? సాయం కోసం వచ్చిన మనిషికి మనం రాసిచ్చేది. నాలుగు ఫోన్ నంబర్లు రాసి, 'ఇక్కడ కనుక్కోండి' అని చేతిలో పెడతాం. రిజిస్టరులో 'రెఫరల్ చేయడమైనది' అని ఎక్కించుకుంటాం. నెలాఖరుకి అవన్నీ కూడి నివేదిక పంపుతాం. సాయం అందిందా లేదా అని రాసే గడి మాత్రం చాలా రిజిస్టర్లలో ఉండదు.

ఆ చీటీ వెంట కాస్త నడుద్దాం. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషి. వెళ్లిరావడానికి బండి కావాలి, అంతే. మొదటి నంబరు పనిచేయదు. రెండోది 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అని తిప్పి తిప్పి కట్టవుతుంది. ఈలోపు ఫోన్లో బ్యాలెన్స్ అయిపోతుంది. రీఛార్జ్ చేయించుకుని మూడోది చేస్తే, అరవై దాటినవాళ్లకేనంటారు. ఈయనకి యాభై రెండు. నాలుగోచోట ఆ సేవ ఆపేశామంటారు. ఆయన మళ్లీ మన దగ్గరికి రాడు. రాలేదు కాబట్టి పనైపోయిందని మనం అనుకుంటాం. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉండి, చదువొచ్చి, గట్టిగా అడగగలిగినవాడు నాలుగు చీవాట్లు తిని అయినా ఐదో నంబరు చేస్తాడు. డయాలసిస్ నుంచి వచ్చి మంచం మీద వాలిపోయిన మనిషి చేయలేడు. జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు 1971లోనే చెప్పాడీ మాట: మంచి వైద్యం అవసరం ఎక్కువున్నచోటే తక్కువగా దొరుకుతుందని. మన చీటీ ఆ తేడాని ఇంకాస్త పెంచుతుంది.

సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడమన్నది కొత్త పనేమీ కాదండీ. బ్రిటన్‌లో 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలైన రోజుల్లోనే, పౌర సలహా కేంద్రాలు తెరిచారు. అట్లాంటాలో 1997లో 211 అనే మూడంకెల నంబరు మొదలైంది. 2000లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ దాన్ని ఈ పనికోసమే దేశమంతటికీ కేటాయించింది. గుర్తుండే నంబరు మంచిదే. కానీ ఫోనెత్తినవాళ్ల ముందున్న జాబితా పాతదైతే నంబరు ఎంత చిన్నదైనా ఒరిగేదేమీ లేదు.

అందుకే జాబితా గురించి చెప్పాలి. సంస్థ పేరు, అడ్రసు, ఫోను రాసుకుంటే జాబితా అయిపోదు. ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు? వయసు, ఆదాయం, ఏ ప్రాంతంవాళ్లు? ఏ కాగితాలు కావాలి, ఒరిజినలా, జిరాక్స్ చాలా? ఆఫీసు టైము కాదు, దరఖాస్తులు తీసుకునే టైము రాయండి. చాలాచోట్ల ఆ రెండూ ఒకటి కాదు. వెయిటింగ్ లిస్టులో కొత్త పేర్లు ఇప్పుడు రాసుకుంటున్నారా? చక్రాల కుర్చీ లోపలికి వెళ్తుందా? చివరగా, ఇదంతా ఎవరు, ఏ తేదీన ఫోన్ చేసి సరిచూశారు? ఆ తేదీ లేని వివరాన్ని నమ్మొద్దు. ఏడాదికోసారి సరిచూడటం కనీసం. రాత్రి బస, భోజనం లాంటివి నెలనెలా మారిపోతుంటాయి, వాటికి ఏడాది పనికిరాదు. ఇంకోటి, జాబితాని సంస్థల పేర్లతో అక్షరక్రమంలో పేర్చకండి. వచ్చినవాళ్లకి సంస్థ పేరు తెలియదు, 'అద్దె కట్టలేకపోతున్నా' అని మాత్రమే తెలుసు.

అడిగిందే అవసరమని కూడా అనుకోవద్దు. కరెంటు బిల్లు కట్టలేక ఒకావిడ వచ్చిందనుకోండి. బిల్లు సాయం ఎక్కడో చెప్పి పంపేస్తారు. ఫ్రిజ్‌లో ఏముందని అడిగారా? ఇన్సులిన్ ఉండొచ్చు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు తీసేస్తే అది బిల్లు సమస్య కాదు, ప్రాణం సమస్య. వరస మారిపోతుంది: కనెక్షన్ తీయకుండా ఆపించడం, మందు భద్రపరచడం ముందు, బాకీ సంగతి తర్వాత. అందుకే వచ్చినవాళ్లని అడగాల్సినవి మూడే ప్రశ్నలు: ఈ రాత్రికి చోటుందా, మందులు ఎన్నిరోజులకున్నాయి, ఇంట్లో క్షేమంగా ఉన్నారా. దయచేసి రాసుకోండి, అక్కడ వెనక వరసలో వాళ్లు కూడా.

చీటీకి బదులు ఏం చేయాలంటారా? రెండుమూడు చోట్లకి మించి చెప్పకండి, ఏది ముందో చెప్పండి. మొదటిచోటికి ఆ మనిషి ఒప్పుకుంటే అక్కడే, వాళ్ల ఎదుటే, స్పీకర్ పెట్టి ఫోన్ చేయండి. మీరు ఎవరో, ఎందుకు చేశారో చెప్పి, తర్వాత వాళ్లని మాట్లాడనివ్వండి. తేదీ, టైము, అక్కడ కలవాల్సిన మనిషి పేరు తెలిసేదాకా ఫోన్ పెట్టొద్దు. పెట్టాక, 'అక్కడికెళ్లి ఏం అడుగుతారో ఒకసారి నాకు చెప్పండి' అనండి. తడబడితే తప్పు మన చెప్పడంలో ఉంది.

అడ్రసు ప్రూఫ్ తెమ్మనే షెల్టర్లుంటాయి. ఇల్లే లేదు మహాప్రభో, ప్రూఫ్ ఎక్కణ్ణించి తెస్తాడు? ఇలాంటిచోట 'మా సంస్థ ఉత్తరం ఇస్తే సరిపోతుందా' అని ముందే అడిగి, జవాబు జాబితాలో ఎక్కించండి. తర్వాత వచ్చేవాళ్లకి ఆ తిరుగుడు తప్పుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం చేతికి కాగితం అసలివ్వకూడదు. ఇంట్లో కొట్టేవాడున్న మనిషికి. సంచిలో దొరికిన ఆ చీటీయే ఆమె మీదికి రావచ్చు. ఏ నంబరుకి, ఏ టైముకి చేస్తే ఫర్వాలేదో ఆమెనే అడగండి. మెసేజ్ పెట్టొద్దు, వేరేవాళ్లు ఎత్తితే ఎక్కడినుంచో చెప్పొద్దు.

గంట కొట్టారు, విన్నాను. ఫాలో అప్ గురించి చెప్పకుండా మాత్రం దిగను. అర్జెంటువాటికి మూడు రోజుల్లో, మిగతావాటికి రెండు వారాల్లో మనమే ఫోన్ చేయాలి. రిజిస్టరులో మూడు గడులు: అందింది, అందలేదు, మనిషి దొరకలేదు. 'అందలేదు' పక్కన కారణం రాయండి. 'సీట్లు లేవు' అని నలభైసార్లు రాశాక, నిధులిచ్చేవాళ్ల ముందు పెట్టడానికి అంతకుమించిన సాక్ష్యం ఉండదు.

యాప్ చేయించమంటారా అని నిర్వాహకులు పొద్దున అడిగారు. చేయించండి, కాదనను. అందులో ఎక్కించే నంబర్లు మోగుతాయో లేదో ఎవరు చూస్తారో ముందు తేల్చండి. తలుపు దగ్గర మీ జాబితా ప్రింట్లు పెట్టించాను. మనిషికో పేజీ తీసుకోండి. భోజనానికి వెళ్లేలోపు అందులో ఐదు నంబర్లకి ఫోన్ చేసి, ఎత్తారా లేదా, ఏమన్నారు, పక్కనే రాసి తెండి. మధ్యాహ్నం వాటితోనే మొదలుపెడదాం.