కారు యాంటెన్నా నిజంగా ఎన్ని వాట్లు వదులుతుంది? 2.4 మీటర్ల విప్ రివ్యూ

ప్రేక్షకులకు నమస్కారం. తుపాను వేళ కోనసీమలో కరెంటు, సెల్ టవర్లు ఆగిపోతే కారులోని హామ్ రేడియో (లైసెన్సుతో ఔత్సాహికులు నడిపే రేడియో) ఎంత అవసరమో 1996 నవంబరు తుపానును చూసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. అందుకే 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) కోసం తీసుకున్న, అడుగున కాయిల్ (తీగచుట్ట) ఉన్న ఈ 2.4 మీటర్ల విప్‌ను, అంటే నిటారు కడ్డీ యాంటెన్నాను, ఈరోజు సామర్థ్యం లెక్కతో పరిశీలిద్దాం.

యాంటెన్నా నుంచి రేడియోకు శక్తి ఎంత వెనక్కి తిరిగివస్తుందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 వచ్చింది (1.0 అంటే ఏమీ తిరిగిరానట్టు). చాలామంది అక్కడితో తృప్తిపడతారు గాని, పరీక్ష కోసం యాంటెన్నా బదులు తగిలించే నిరోధకం, డమ్మీ లోడ్ కూడా 1.0 చూపిస్తుంది, గాలిలోకి దాదాపు ఏమీ వదలదు.

విప్ ఎత్తును తరంగదైర్ఘ్యంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 395తో గుణిస్తే ఇలాంటి పొట్టి యాంటెన్నాకు రేడియేషన్ రెసిస్టెన్స్, అంటే మొత్తం నిరోధంలో తరంగాలుగా వెళ్లే శక్తికి లెక్కగట్టే భాగం, తెలుస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 42 మీటర్లు కాబట్టి, ఈ విప్‌కు అది 1.3 ఓములే. అమలాపురం దగ్గర నీరు నిలిచిన వరిచేల మధ్య కారు ఆపి, యాంటెన్నా నిరోధాన్ని రేడియోకు సరిపెట్టే మ్యాచింగ్ కాయిల్ తీసివేసి, రెజొనెన్స్ (యాంటెన్నా ఆ పౌనఃపున్యానికి శ్రుతి కలిసిన స్థితి) వద్ద యాంటెన్నా ఎనలైజర్ అనే కొలత పరికరంతో కొలిస్తే మొత్తం నిరోధం 25 ఓములు కనిపించింది. 1.3ని 25తో భాగిస్తే సామర్థ్యం 5 శాతం. అంటే 100 వాట్లు పంపితే 5 వాట్లు తరంగాలుగా వెళ్తాయి, మిగిలినవి కాయిల్‌నూ కారు కింది నేలనూ వేడెక్కిస్తాయి. 13 డెసిబెల్ల ఈ నష్టం అవతలివారి ఎస్ మీటర్‌లో (సిగ్నల్ బలం చూపే మీటర్, యూనిట్‌కు 6 డెసిబెల్లు) రెండు యూనిట్లకు పైమాటే.

డెల్టా తడి నల్లరేగడి విద్యుత్తును బాగానే ప్రవహింపజేస్తుంది. అంతర్వేది వైపు పొడి ఇసుక మీద ఇదే అంకె వస్తుందని అనుకోకూడదు, కాబట్టి కొలిచిన చోటును కూడా రాసి పెట్టుకోండి.

నష్టాన్ని విడదీసి చూద్దాం. ఈ విప్‌ను రెజొనెన్స్‌కు తేవడానికి కాయిల్ సుమారు 900 ఓముల రియాక్టెన్స్ (శక్తిని వేడిగా మార్చకుండా ఏసీ ప్రవాహాన్ని అడ్డుకునే గుణం) ఇవ్వాలి. సన్నని తీగతో బిగుతుగా చుట్టిన దీని క్యూ విలువ (రియాక్టెన్స్‌ను కాయిల్ నష్ట నిరోధంతో భాగిస్తే వచ్చేది) 100 అనుకుంటే కాయిల్ నష్టమే 9 ఓములు, తక్కిన 15 ఓములు చాలావరకు నేలవి. లావు తీగతో ఎడం ఎడంగా చుట్టి క్యూను 300కు పెంచినా సామర్థ్యం 7 శాతం దాటదు. అదే కాయిల్‌ను విప్ మధ్యకు జరిపితే, రియాక్టెన్స్ రెట్టింపు కావలసివచ్చినా, కింది సగంలో ప్రవాహం తగ్గకుండా ఉంటుంది కనుక రేడియేషన్ రెసిస్టెన్స్ రెట్టింపుకు మించి, మంచి కాయిల్‌తో 12 శాతం వరకు చేరుకోవచ్చు. డబ్బు పెట్టవలసింది అక్కడే అని నా అభిప్రాయం.

20 మీటర్ల బ్యాండ్‌లో తరంగదైర్ఘ్యం సగమే కాబట్టి ఇదే విప్ రేడియేషన్ రెసిస్టెన్స్ నాలుగు రెట్లు, దాదాపు 5 ఓములు. అక్కడికి దీన్ని సంకోచం లేకుండా సూచిస్తాను. 40 మీటర్లలో అత్యవసర సేవకు మాత్రం మధ్యలో కాయిల్ ఉన్నదాన్నే, కారు మోయగలిగినంత పొడవైనదాన్ని కొనండి.