ఓపీ చీటీలో లేని ప్రశ్న

అందరికీ నమస్కారం. రేపటి నుంచి మీరు ఎముకల ఓపీలో కూర్చుంటారు. విరిగిన ఎముకలే చూస్తామనుకోకండి. పొద్దుటి నుంచి మీ ముందుకొచ్చేవి ఎక్కువగా నడుము, మోకాళ్ళు, మెడ, భుజం, మడమ నొప్పులే. 2020లో ప్రపంచంలో నడుము నొప్పితో ఉన్నవాళ్ళే 61.9 కోట్ల మంది అని అంచనా.

చీటీ మీద పేరు, వయసు, బీపీ, షుగర్ ఉంటాయి. ఏం పని చేస్తారన్నది ఉండదు. నేనూ చాలా ఏళ్ళు అడగలేదు.

నిజామాబాద్ వైపు నుంచి ఒకామె నెలనెలా వచ్చేది. "మెడలు గుంజుతున్నయి సారూ" అనేది. నేను మాత్రలు రాసేవాణ్ణి. ఒకరోజు వేలికొసలు చూసి అడిగితే బీడీలు చుడతానంది. చాట ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, రోజంతా నేల మీదే. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆ మెడకు నా మాత్ర ఏం చేస్తుంది?

నాట్లు వేసేవాళ్ళ నడుము, రోజంతా నిలబడేవాళ్ళ మడమ, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళ మెడ కూడా ఇంతే. అయితే అన్నీ పని వల్లేనని తేల్చేయకండి. జడ వేసుకోవడానికి చెయ్యి లేవడం లేదంటే షుగర్ వల్ల భుజం బిగుసుకుందేమో చూడండి. రాత్రి తిమ్మిరితో లేచి చెయ్యి విదిలించుకుంటున్నారంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుందేమో, థైరాయిడ్ ఉందేమో చూడండి. మునుగోడు, మర్రిగూడ వైపు పెద్దాయన మెడ తిప్పలేక మనిషంతా తిరుగుతుంటే, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారో అడగండి. అది వయసు అరుగుదల కాకపోవచ్చు, ఫ్లోరైడ్ కావచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చినవారికి నొప్పి మాత్ర రాసేముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా కలం పట్టకండి.

నడుము నొప్పితో పాటు మూత్రం అదుపు తప్పినా, కాళ్ళలో పట్టు తగ్గినా ఒక్క రోజు కూడా ఆగకండి. జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక టీబీ గుర్తుకు రావాలి.

ఇవేవీ లేకపోతే ఎమ్మారై కోసం తొందరపడొద్దు. ఏ నొప్పీ లేనివాళ్ళకు స్కాన్ చేసినా 20 ఏళ్ళ వయసులో 37 శాతం మందికి, 80 ఏళ్ళ వయసులో 96 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల కనిపిస్తుంది. "నీ డిస్క్ అరిగిపోయింది" అనే మాట మన నోటి నుంచి చాలా తేలిగ్గా వస్తుంది. విన్న మనిషి భయంతో వంగడం, నడవడం మానేస్తాడు. నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ మాట విషయంలో దయచేసి జాగ్రత్తగా ఉండండి.

ఆ బీడీలామెను అరగంటకోసారి లేవమన్నాను. "లేస్తే వెయ్యి ఎట్లయితయి సారూ?" అంది. దానికి జవాబు చెప్పలేకపోయాను. చాట కింద ఎత్తుగా పీట వేసుకోమని, వీపు గోడకు ఆనించుకోమని చెప్పి, మెడ కసరత్తులు నాలుగు నేర్పించాం. నెల తర్వాత వచ్చి, నొప్పి పూర్తిగా పోలేదు కానీ రాత్రిళ్ళు నిద్ర పడుతోందని చెప్పింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.