స్లాబ్ పడిపోతే డబ్బు ఎవరిస్తారు? విశాఖ స్టూడియో చర్చ

యాంకర్: స్లాబ్‌కు కింద ఆసరాగా కట్టే సెంట్రింగ్ జారి స్లాబ్ పడితే బీమా కంపెనీ క్లెయిమ్ ఇవ్వలేదని గాజువాక వైపు కాంట్రాక్టర్లు మండిపడుతున్నారు. ముగ్గురికీ సమానంగా టైమిస్తాను. మేస్త్రీ గారూ, 2014 హుద్‌హుద్ లాంటిది మళ్లీ వస్తే...

కాంట్రాక్టర్: తుపాను సంగతి తర్వాత మేడమ్! ఆల్ రిస్క్ పాలసీ అని అమ్మారు, అన్నీ వస్తాయనే కట్టాం. తీరా స్లాబ్ పడ్డాక బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి పని లోపం అని రాసుకుపోయాడు. కాంక్రీటు కలిపే మిల్లరు, జాకీలు, ఇనుము, సిమెంటు, అన్నీ నా జేబులోంచే...

బీమా సలహాదారు: సార్, లోపమున్న పనిని మళ్లీ చేసే ఖర్చు అందులో రాదు. దానివల్ల పక్కన సరిగ్గా కట్టినది దెబ్బతింటే...

కాంట్రాక్టర్: అదే అంటున్నా! అమ్మేటప్పుడు ఈ మాట ఎవరు చెప్పారు?

బీమా సలహాదారు: బిల్డర్ పాలసీలో మీ పేరు కూడా రాయించుకోవాలి. కూలీలకైతే వేరే పాలసీ...

యాంకర్: హుద్‌హుద్‌లో గాలికి సెంట్రింగ్ లేచిపోయింటే అది వర్తించేదా?

బీమా సలహాదారు: తుపాను నష్టం మామూలుగా వర్తిస్తుంది, కానీ...

కార్మిక సంఘం నాయకురాలు: నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. స్లాబ్ పోసే రోజు తెల్లారి అయిదింటికి అడ్డా దగ్గర ముప్పై మందిని ఎక్కించుకొస్తారు. మస్టర్లో, అంటే హాజరు పట్టీలో, పదిమంది పేర్లే ఉంటాయి. మిగతావాళ్ల పేర్లు ఆసుపత్రిలో అడిగి రాసుకుంటున్నారు! పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాలని 1923 నుంచీ చట్టం ఉంది. నెలకు 15 వేల జీతం లెక్కేసినా ముప్పై ఏళ్ల మనిషి పోతే పదిహేనున్నర లక్షలు దాటుతుంది. ఆ ఇంట్లోవాళ్లకి అది...

కాంట్రాక్టర్: అక్కా, నేను ఎగ్గొడతానన్నానా? ఒక్కరోజు పనికొచ్చినవాడికి ఏడాది పాలసీ ఎలా కట్టను?

బీమా సలహాదారు: పేర్లు కాదండీ, ఏడాదికి ఇచ్చే కూలి మొత్తం ఎంతో నిజంగా చెప్తే చాలు. తక్కువ చూపిస్తేనే...

కాంట్రాక్టర్: ఎవరు తక్కువ చూపించారు? బిల్డర్ చదరపు అడుగు రేటు పెంచడు, ప్రీమియం మాత్రం మేం కట్టాలి! రేటులోనే బీమా కలపమనండి ముందు.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

నాయకురాలు: భవన నిర్మాణ కార్మికుల వెల్ఫేర్ బోర్డు కోసం ఒక శాతం సెస్సు కడుతున్నారు కదా, కూలీల్ని నమోదు చేయించడానికి ఏం అడ్డం? దీనికి చెప్పండి.

కాంట్రాక్టర్: రేటు సంగతి తేలాక చెప్తా. అసలు బిల్డర్లను పిలవలేదేం మీరు?

యాంకర్: మంచి పాయింట్. తీరం వెంబడి మళ్లీ హుద్‌హుద్ వస్తే బిల్డర్లదే బాధ్యతా? మేస్త్రీ గారూ, విరామం తర్వాత మళ్లీ మీ దగ్గరికే వస్తాను.

నాయకురాలు: నా ప్రశ్నకి...

కాంట్రాక్టర్: రేటు, మేడమ్. రేటు గురించే మాట్లాడదాం.