గ్రీన్ డే ముంబై వచ్చింది, మా అన్న వెళ్ళొచ్చాడు

సింధు: నమస్తే. ఈ ఎపిసోడ్‌కి మా ప్రవీణన్న వచ్చాడు. మా పెద్దమ్మ కొడుకు. మా ఇంట్లో మొదటిసారి గిటార్ల గోల వినిపించింది ఈయన గదిలోంచే. 2025 మార్చిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో లొల్లాపలూజా అనే సంగీతోత్సవం జరిగినప్పుడు గ్రీన్ డే బ్యాండ్ మన దేశానికి మొట్టమొదటిసారి వచ్చింది. అన్న అక్కడే ఉన్నాడు. అన్నా, వాళ్ళది పంక్ రాక్, అంటే వేగంగా, గట్టిగా, కోపంగా సాగే గిటార్ పాటలు. అవి ఎప్పుడూ విననివాళ్ళు కూడా మన శ్రోతల్లో ఉంటారు. కొంచెం వాళ్ళ కోసం కూడా చెప్పు.

ప్రవీణ్: తప్పకుండా. ముగ్గురు మనుషులు. బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ పాడతాడు, గిటార్ వాయిస్తాడు. మైక్ డర్ంట్ బేస్, అంటే లోతైన స్వరాల గిటార్. ట్రే కూల్ డ్రమ్స్. బిల్లీ, మైక్ ఇద్దరూ కాలిఫోర్నియాలో చిన్నప్పటి దోస్తులు. 1987లో బ్యాండ్ పెట్టారు. ట్రే 1990లో చేరాడు. అప్పటి నుంచి ఆ ముగ్గురూ కలిసే ఉన్నారు. వేదిక మీద సాయంగా ఇంకొందరు వాయిస్తారు గానీ బ్యాండ్ అంటే వాళ్ళే.

సింధు: నీకు ఎలా దొరికారు?

ప్రవీణ్: టీవీలో. ఇంజనీరింగ్‌లో ఉన్నా. వీహెచ్1లో 'బులవార్డ్ ఆఫ్ బ్రోకెన్ డ్రీమ్స్' వచ్చేది. ఆ పాట కోసం ఛానెల్ మార్చకుండా కూర్చునేవాణ్ణి. తర్వాత హన్మకొండలో నెట్ సెంటర్‌కి పోయి పాటలు డౌన్‌లోడ్ చేసి సీడీ రాయించుకున్నా. మా క్లాస్‌లో ఆ పాటలు వినేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ మణిశర్మ, దేవిశ్రీ ప్రసాద్. నేనూ వినేవాణ్ణి, అది వేరే ఇష్టం. ఇది మాత్రం నా ఒక్కడిదే అనిపించేది.

సింధు: ఒక్కడివే వినడం బాధగా ఉండేదా?

ప్రవీణ్: లేదు చెల్లె. బాధ కాదు. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే ఎవరో నన్ను అర్థం చేసుకున్నట్టు ఉండేది. 'వేక్ మీ అప్ వెన్ సెప్టెంబర్ ఎండ్స్' ఉంది కదా, చాలామంది దాన్ని ప్రేమపాట అనుకుంటారు. అది బిల్లీ వాళ్ళ నాన్న గురించి. ఆయన ట్రక్ నడిపేవాడు, జాజ్ డ్రమ్స్ వాయించేవాడు. 1982 సెప్టెంబర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. బిల్లీకి పదేళ్ళు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. ఆ సంగతి తెలిశాక ఆ పాట నేను వినే తీరే మారిపోయింది.

సింధు: ముంబై ఎలా వెళ్ళావు?

ప్రవీణ్: హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్. మధ్యాహ్నం ఎక్కితే తెల్లవారుజామున ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగొచ్చు. వర్లీలో మా దోస్తు వాళ్ళింట్లో దిగా. పద్మశాలీలు. బట్టల మిల్లులు నడిచిన రోజుల్లో వాళ్ళ తాత మన వైపు నుంచి అక్కడికి పోయాడు. వాళ్ళమ్మ పొద్దున్నే సర్వపిండి చేసి పెట్టింది. సాయంత్రం మహాలక్ష్మి స్టేషన్ నుంచి రేస్‌కోర్స్ దాకా నడుస్తుంటే రోడ్డు పొడుగునా నల్ల టీషర్టులే. చెయ్యి, ఆ చేతిలో గుండె ఆకారంలో గ్రెనేడ్. 'అమెరికన్ ఇడియట్' ఆల్బమ్ అట్ట మీది బొమ్మ. ఇంతమందికి ఈ పాటలు తెలుసా అని అక్కడే మొదటిసారి అనిపించింది.

సింధు: జనం ఎక్కడెక్కడి నుంచి?

ప్రవీణ్: నా ముందు షిల్లాంగ్ కుర్రాళ్ళు. పక్కన పుణె నుంచి ఒక నాన్న, కూతురు. ఆ పాపకు పన్నెండేళ్ళుంటాయేమో, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ లాంటివి పెట్టాడు, చప్పుడు ఆపేవి. చాలా మంచి పని. పెద్దవాళ్ళు కూడా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాలి. పాట వినిపిస్తుంది, చెవులు పాడవ్వవు.

సింధు: వాళ్ళు వేదిక మీదికి వచ్చిన క్షణం చెప్పు.

ప్రవీణ్: 'అమెరికన్ ఇడియట్' గిటార్ మొదలైంది. ఆ పాట 2004లో, ఇరాక్ యుద్ధం నడుస్తున్నప్పుడు, టీవీ వార్తలు జనాన్ని ఎలా భయపెడుతున్నాయో అన్న కోపంలోంచి వచ్చింది. ఇంట్లో వింటే కోపం వినిపిస్తుంది. అక్కడ ఆ కోపం ఒంటికి తగులుతుంది. ట్రే డ్రమ్ కొడితే నా పక్కటెముకల్లో మోగింది. మైక్ వాయించే బేస్ అయితే చెవి కంటే ముందు కాళ్ళకు తెలిసింది. ఇన్నేళ్ళు విన్నా ఆ బేస్‌ని నేను అసలు వినలేదనిపించింది. మన ఇయర్‌ఫోన్స్‌కి ఆ శక్తి లేదు.

సింధు: నీకు ఏ పాట దగ్గర కళ్ళు తడిశాయి? నిజం చెప్పు.

ప్రవీణ్: 'బాస్కెట్ కేస్'. ఏడ్చా. దాచుకోవాల్సింది ఏముంది! ఆ పాట మొదట్లో గొంతూ గిటారూ తప్ప ఏమీ ఉండవు. డ్రమ్స్ కాసేపాగి వస్తాయి. తనకు పిచ్చెక్కుతోందా అని ఒక కుర్రాడు భయపడుతూ మాట్లాడే పాట అది. బిల్లీకి పానిక్ అటాక్స్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, వచ్చేవి, ఏమిటో తెలియక వాటి గురించే రాశాడు. హాస్టల్‌లో నాకూ రాత్రుళ్ళు గుండె దడ వచ్చేది. టెన్షన్ అనుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. ఆ పాటకే చెప్పుకున్నా అనుకో. ఇప్పుడు ఆ మాటల్నే వేలమంది ఒకేసారి, నవ్వుతూ, గట్టిగా అరుస్తున్నారు. పుణె నాన్న కూడా. షిల్లాంగ్ పిల్లలు కూడా. అందరికీ ఉందన్నమాట ఆ దడ. నాకు గొంతు పూడుకుపోయింది, మళ్ళీ పాడా.

సింధు: జనమే ఎక్కువ పాడతారా?

ప్రవీణ్: వాళ్ళు అలా వదిలేస్తారు. బిల్లీ లైన్ సగం పాడి ఆపుతాడు, మిగతాది మనం అందుకోవాలి. తెలంగాణ ఉద్యమంలో ధూం ధాంలు చూశాం కదా, పాట ఎత్తుకున్నాయన ఆగితే మైదానం మొత్తం పల్లవి అందుకునేది. అదే ఊపు. పాట పాడినవాడి చేతిలోంచి జనం చేతికి పోతుంది. గ్రీన్ డే ఎన్నో ఏళ్ళుగా షోలలో అభిమానుల్ని వేదిక మీదికి పిలుస్తుంది, పాడిస్తుంది. ఒక్కోసారి గిటారే చేతికిస్తారు. ఇది షో కోసం పెట్టుకున్న హంగు కాదు, వాళ్ళు పుట్టిన చోటు నుంచి వచ్చింది.

సింధు: ఆ చోటు?

ప్రవీణ్: కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్మన్ స్ట్రీట్ అనే చిన్న క్లబ్. 1986 డిసెంబర్ 31న మొదలైంది. లాభం కోసం కాదు, వాలంటీర్లే నడుపుతారు. మందు అమ్మరు, అన్ని వయసులవాళ్ళూ రావచ్చు. జాతి ద్వేషం, ఆడవాళ్ళని తక్కువ చూడటం, గే వాళ్ళని ఏడిపించడం, కొట్లాట, ఇవేవీ కుదరవని గోడ మీదే రాసుంటుంది. బ్యాండ్‌కీ వినేవాళ్ళకీ మధ్య దూరం లేదు. ఈ రోజు విన్నవాడు వచ్చే వారం వాయిస్తాడు. గ్రీన్ డే అక్కడ పెరిగింది.

సింధు: కానీ అదే క్లబ్ వాళ్ళని బయట పెట్టింది కదా?

ప్రవీణ్: అవును. పెద్ద కంపెనీల బ్యాండ్లకు అక్కడ చోటు లేదు, అది వాళ్ళ నియమం. గ్రీన్ డే రిప్రైజ్ రికార్డ్స్ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1994 ఫిబ్రవరిలో 'డూకీ' ఆల్బమ్ వచ్చింది, ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. సొంత ఊరి పంక్ జనం మాత్రం వీళ్ళు డబ్బుకు అమ్ముడుపోయారన్నారు. తర్వాతి ఏడాది ఆల్బమ్‌లో '86' అనే పాట ఆ బాధ మీదే. మళ్ళీ 2015లో సాయం కోసం డబ్బు పోగుచేసే ఒక బెనిఫిట్ షో కోసం గిల్మన్ వేదిక ఎక్కారు. అదే ఏడాది వాళ్ళని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకీ తీసుకున్నారు, అది రాక్ సంగీతంలో పెద్ద గౌరవం. నాకైతే గిల్మన్ షోనే అంతకంటే పెద్ద గౌరవం అనిపిస్తుంది.

సింధు: సరే, నేను గట్టిగా అడుగుతా. వేలు పోసి టికెట్ కొని, చేతికి ఎంట్రీ పట్టీ కట్టించుకుని, నాలుగు పక్కలా స్పాన్సర్ల బోర్డుల మధ్య చూస్తే అది పంకేనా?

ప్రవీణ్: గిల్మన్ వాళ్ళ నియమం సరైందే అంటా. అలాంటి చోట్లు అలాగే ఉండాలి, లేకపోతే కొత్తవాళ్ళకు వేదిక దొరకదు. రేస్‌కోర్స్ ఎప్పటికీ గిల్మన్ కాదు. టికెట్ ధర విని రాలేకపోయిన పిల్లలు ఎంతమందో, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. కానీ హన్మకొండ నెట్ సెంటర్‌లో నాకు ఆ పాట దొరికిందంటే వాళ్ళు ఆ క్లబ్ దాటి బయటికి వచ్చారు కాబట్టే. అందుకని అమ్ముడుపోయారనే మాట నా నోట్లోంచి రాదు.

ఇంకో మాట. జనం మధ్యలో పిట్ ఉంటుంది. ఒకరినొకరు తోసుకుంటూ ఎగురుతారు. బయటి నుంచి చూస్తే కొట్లాటలాగే ఉంటుంది. ఒక కుర్రాడు కింద పడ్డాడు. రెప్పపాటులో నలుగురు చుట్టూ చేతులు అడ్డం పెట్టి లేపారు. ఒకడు వాడి చెప్పు వెతికి పైకెత్తి చూపించాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. గిల్మన్ గోడ మీద రాసింది అక్కడ ఆ జనం చేతుల్లో ఉంది.

సింధు: అమ్మాయిలకు అక్కడ భయం లేదా?

ప్రవీణ్: పిట్‌లో చాలామంది అమ్మాయిలున్నారు. అయినా నువ్వు మొదటిసారి వెళ్తే అంచున నిలబడు, గాలి ఆడుతుంది, ఇష్టమైతే లోపలికి పో. నీళ్ళు బాగా తాగు. మార్చిలో ముంబై ఉక్క మామూలుగా ఉండదు. షూ లేసులు గట్టిగా కట్టుకో.

సింధు: కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రవీణ్: 'డూకీ' మొత్తం ఒక్క ఊపున వినాలి, నలభై నిమిషాలు కూడా పట్టదు. 'లాంగ్‌వ్యూ'లో బేస్ మీద చెవి పెట్టండి. తర్వాత 'అమెరికన్ ఇడియట్'. ఆ ఆల్బమ్‌కి ముందు వాళ్ళు ఇంకో ఆల్బమ్ రికార్డ్ చేశారు, ఆ టేపులు పోయాయి. పోయినవాటినే మళ్ళీ చేద్దామనుకోకుండా అంతా కొత్తగా మొదలుపెట్టారు. అందులో 'జీసస్ ఆఫ్ సబర్బియా' తొమ్మిది నిమిషాల పైన ఉంటుంది, ఐదు భాగాలు. మూడు నిమిషాల పాటల బ్యాండ్ అంత ధైర్యం చేసింది. దాన్ని ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినొద్దు. మంచి స్పీకర్ ఉన్న స్నేహితుడింటికి వెళ్ళి, సౌండ్ పెంచి వినండి.

సింధు: అయితే ఈ ఆదివారం మీ ఇంటికే వస్తున్నా.

ప్రవీణ్: రా. అమ్మకు నేను చెప్తా, సౌండ్ గురించి ముందే ఒప్పిస్తా.