ఉస్మానియా బిస్కెట్‌కి ఫ్లో ర్యాప్ మిషన్: స్పీడ్ సరే, ప్యాకెట్ మూల గాలి ఆపుతోందా?

నమస్తే అండి. ఇవాళ వెనక కనిపిస్తున్నది 350 సైజ్ ఫ్లో ర్యాప్ మిషన్, అంటే బిస్కెట్ల వరసని ఫిల్మ్‌లో చుట్టి సీల్ వేసి తెంచే మిషన్. ముందే చెప్పాల్సిన మాట: అమ్మేవాళ్లు దీన్ని మూడు వారాల వాడకానికి ఉచితంగా ఇచ్చారు, రవాణా ఖర్చు కూడా వాళ్లే పెట్టుకున్నారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో ముందుగా చూపించలేదు. ఇక చూసేది మీరు, తేల్చేది మీరు.

నిమిషానికి 40 నుంచి 230 ప్యాకెట్లు, మూడు సర్వో మోటార్లు, టచ్ స్క్రీన్, సింగిల్ ఫేజ్ కరెంటు... ఇవన్నీ బ్రోచర్‌లో చదివే ఉంటారు. మళ్లీ చదివి మీ టైమ్ తినను. ఈ వీడియోలో ఎక్కువసేపు మాట్లాడేది ప్యాకెట్ చివర అరంగుళం గురించి. బిస్కెట్ కరకరలాడుతుందా, మెత్తబడుతుందా అన్నది ఆ అరంగుళంలోనే తేలిపోతుంది.

పరీక్షకి పెట్టింది ఉస్మానియా బిస్కెట్. గ్లూకోజ్ బిస్కెట్ లాంటి గట్టి సరుకునైతే ఏ మిషన్ అయినా చుట్టేస్తుంది. ఉస్మానియా అలా కాదండి. వెన్నో వనస్పతో బాగా పడుతుంది, వేలితో నొక్కితే రాలిపోతుంది, పైన జిడ్డు ఉంటుంది, ఒకే ట్రేలో కూడా మందం కాస్త అటూ ఇటూ అవుతుంది. దీన్ని సరిగ్గా చుట్టిన మిషన్ మిగతా బిస్కెట్లన్నీ చుట్టగలదు.

సైజు లెక్క చెప్తాను, రోల్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు పనికొస్తుంది. బిస్కెట్ 55 ఎంఎం అడ్డం, దాదాపు 10 ఎంఎం మందం. ఎనిమిదింటిని అంచుల మీద నిలబెట్టి వరసగా పెడితే 80 ఎంఎం పొడవు. గుండ్రటి వరస కాబట్టి చుట్టుకొలత 173 ఎంఎం. దానికి వెనక అతుకు కోసం రెండు వైపులా 12 చొప్పున 24 కలపండి, వదులు కోసం ఇంకో 8. మొత్తం 205 ఎంఎం వెడల్పు ఫిల్మ్. పొడవుకి 80, దానికి ఎత్తు 55 కలపాలి, ఎందుకంటే ఫిల్మ్ రెండు చివర్లా సగం సగం ఎత్తు మడుచుకుంటుంది. రెండు సీళ్లకి 24, వదులు 6. మొత్తం 165. కంటి గుర్తు అంటే ఎక్కడ తెంచాలో సెన్సర్‌కి చెప్పడానికి ఫిల్మ్ మీద అచ్చు వేసే ముద్ర; ఒక గుర్తుకీ తర్వాతి గుర్తుకీ మధ్య దూరం అదే ఉండాలి. చాలామంది ఎత్తు కలపడం మరచిపోతారు. అప్పుడు కటింగ్ వచ్చి బిస్కెట్ మీద పడుతుంది. ప్రింటింగ్ సిలిండర్లు చేయించాక తప్పు తెలిస్తే ఆ సిలిండర్లు వృథా. అందుకే ముందు సాదా ఫిల్మ్ తెచ్చి, మీ బిస్కెట్‌తోనే కొన్ని ప్యాకెట్లు కొట్టి, కొలిచి, ఆ తర్వాతే డిజైన్‌కి ఇవ్వండి.

ఫిల్మ్ రోల్ దిగి వస్తుంది, ఫోల్డర్ దాన్ని గొట్టంలా మడుస్తుంది, కింద చక్రాల జతలు వెనక అతుకు వేస్తాయి, చివర్లో తిరిగే జా, అంటే వేడి దవడల జత, అడ్డంగా సీల్ వేసి బ్లేడుతో తెంచుతుంది. ఈ మిషన్‌లో చక్రాలు మూడు జతలు: మొదటిది లాగుతుంది, రెండోది వేడి పెడుతుంది, మూడోది నొక్కుతుంది. ఈ భాగం నాకు నిజంగా నచ్చింది. వేడి చక్రాల ఒత్తిడికి విడిగా స్ప్రింగ్ స్క్రూ ఇచ్చారు. మిషన్ ఆగగానే ఆ జత విడిపోతుంది కాబట్టి ఫిల్మ్ కాలదు. మూడు వారాల్లో వెనక అతుకు ఒక్కసారి కూడా విడిపోలేదు. పాత రకం మిషన్లలో వేడి, ఒత్తిడి రెండూ ఒకే జత చక్రాలతో చేయించేవాళ్లు. వాటిలో ఫిల్మ్ పక్కకి జారి అతుకు పాములా వంకర్లు పోయేది. ఆ బాధ ఇక్కడ లేదు.

ఇక జా.

ఒక ప్యాకెట్ తీసుకుని చివర సీల్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. సీల్ అంతా ఫిల్మ్ రెండు పొరలు. వెనక అతుకు వచ్చి పడుకున్న చోట మాత్రం నాలుగు పొరలు. మనం వాడింది 20 మైక్రాన్ ప్రింటెడ్ బీవోపీపీ (బిగువుగా సాగదీసిన ప్లాస్టిక్ ఫిల్మ్), 20 మైక్రాన్ మెటలైజ్డ్ బీవోపీపీ (అదే ఫిల్మ్ మీద మెరిసే లోహపు పూత) అతికించిన ఫిల్మ్. జిగురుతో కలిపి 42 అనుకోండి. రెండు పొరల దగ్గర 84 మైక్రాన్లు, నాలుగు పొరల దగ్గర 168. రెండు ఇనుప దవడలు మూసుకున్నప్పుడు మందంగా ఉన్న చోటే ముందు ఆనుతాయి. దాని పక్కనే, ఆ మెట్టు దిగే చోట, సన్నటి సొరంగం మిగిలిపోతుంది. కంటికి కనపడదు. గాలిలో తేమకి మాత్రం అది సింహద్వారం.

బిస్కెట్‌లో తేమ బట్టీ నుంచి దిగేటప్పటికి రెండు మూడు శాతం ఉంటుంది. అది ఐదు దాటితే కరకర పోయినట్టే. జూలై నెలలో విశాఖలోనో కాకినాడలోనో షాపు అల్మరాలో పెడితే ఈ సొరంగం ఏం చేస్తుందో మీరే ఊహించండి. ప్యాకెట్ బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల బిస్కెట్ మెత్తబడిపోతుంది. కస్టమర్ తిట్టేది మీ బిస్కెట్‌ని.

బ్రోచర్‌లో స్పీడ్‌కీ దీనికీ సంబంధం ఏమిటో చూడండి. 165 ఎంఎం ప్యాకెట్ నిమిషానికి 60 కొడితే ఫిల్మ్ సెకనుకి 165 ఎంఎం నడుస్తుంది. 12 ఎంఎం వెడల్పు సీల్ జా కింద నుంచి దాటడానికి పట్టేది సెకనులో దాదాపు పద్నాలుగో వంతు. 180 కొడితే సెకనులో దాదాపు నలభై ఒకటో వంతు. ఆ మాత్రం సమయంలో నాలుగు పొరల లోపలి దాకా వేడి దిగాలి! దిగదు కాబట్టి ఆపరేటర్ ఏం చేస్తాడు, టెంపరేచర్ పెంచుతాడు. పెంచాక ఏదో కారణంతో స్పీడ్ తగ్గిందనుకోండి, అదే వేడికి ఫిల్మ్ ముడుచుకుపోయి సీల్ ముడతలు పడుతుంది. ముడత ఉన్న చోట మళ్లీ సొరంగం.

మా దగ్గర 60 స్పీడ్‌లో, స్క్రీన్ మీద జా 145 డిగ్రీలు చూపిస్తుండగా మూలలు నిలబడ్డాయి. స్పీడ్ 100 దగ్గర వేడి పెంచి సర్దుకోవాల్సి వచ్చింది. స్పీడ్ 150 దాటాక ఏ వేడి దగ్గర పెట్టినా, ప్యాకెట్‌ని నీళ్ల బకెట్‌లో ముంచితే బుడగలు వచ్చాయి. ఆ 145 డిగ్రీల అంకె మీ ఫిల్మ్‌కి వర్తించదు, దీన్ని కాపీ కొట్టకండి. స్క్రీన్ చూపించేది దవడ లోపల థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఉన్న చోటి వేడి, ఫిల్మ్‌కి తగిలే వేడి కాదు. 120 దగ్గర మొదలుపెట్టి ఐదైదు డిగ్రీలు పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర పది ప్యాకెట్లు పరీక్షించుకోండి.

బకెట్ పరీక్ష అంటే ఏమీ లేదండి. ప్యాకెట్‌ని నీళ్లలో ముంచి, అరచేత్తో మెల్లగా నొక్కి, అర నిమిషం అలాగే పట్టుకోండి. బుడగ ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. సీల్ మధ్యలో అతుకు పక్క నుంచి వస్తే ఇప్పుడు చెప్పిన మెట్టు సమస్య. అటు చివరో ఇటు చివరో వస్తే జా సమానంగా మూసుకోవడం లేదు. ఎక్కడపడితే అక్కడ వస్తే సీల్‌లో పొడి ఇరుక్కుంది. గంటకి ఒకసారి మూడు ప్యాకెట్లు ముంచండి చాలు.

జా సమానంగా ఉందో లేదో చూడటానికి కార్బన్ పేపర్ పరీక్ష. మిషన్ మెయిన్ ఆపి, హీటర్లు చల్లారనిచ్చి, తెల్ల కాగితం, కార్బన్ పేపర్ కలిపి దవడల మధ్య పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పండి. గళ్ల అచ్చు ఎడమ నుంచి కుడికి ఒకేలా పడాలి. ఒక పక్క నల్లగా, ఇంకో పక్క పలచగా పడితే బేరింగ్ బ్లాక్ దగ్గర బోల్టు సర్దాలి. ఈ మిషన్‌లో ఆ బోల్టు చేరాలంటే గార్డు మొత్తం విప్పాలి, ఆరు స్క్రూలు. రోజూ చూసుకోవాల్సిన చోటుకి ఆరు స్క్రూలు పెట్టడం సరికాదండి. మడత తలుపు, దానికి సేఫ్టీ స్విచ్ ఇస్తే సరిపోయేది. పోనీ జా పళ్లు శుభ్రం చేసుకోవాలన్నా అదే తంటా. అన్నట్టు పళ్లకి ఇత్తడి బ్రష్షే వాడండి, ఇనుప బ్రష్ పెడితే పళ్లు అరిగి గీతలు పడతాయి.

మెట్టు సమస్యకి ఇంకో మందు ఉంది, అది మిషన్‌లో లేదు, ఫిల్మ్‌లో ఉంది. బీవోపీపీ ఫిల్మ్‌కి కరిగి అతుక్కునే పొర సుమారు ఒక మైక్రాన్ మాత్రమే. అది సొరంగాన్ని ఏం పూడుస్తుంది? లోపలి పొరగా 25, 30 మైక్రాన్ల సీపీపీ గానీ పీఈ గానీ (రెండూ వేడికి తేలిగ్గా కరిగి అతుక్కునే ప్లాస్టిక్ ఫిల్ములు) వేయిస్తే అది మైనంలా కరిగి ఆ సందులోకి పారుతుంది. కిలో రేటు పెరగకపోయినా ప్యాకెట్‌కి పట్టే గ్రాములు పెరుగుతాయి, ఖర్చు అక్కడ కనపడుతుంది. వానాకాలం కోస్తా జిల్లాలకి సరుకు పంపేవాళ్లు ఈ ఖర్చు పెట్టుకోవాల్సిందే.

ఇంతకుముందు వాడే కంటిన్యువస్ బ్యాండ్ సీలర్‌ని (పౌచ్ మూతిని కదిలే బెల్టుల మధ్య వేడితో అతికించే మిషన్) చాలామంది తక్కువ చేసి మాట్లాడతారు. దాని పౌచ్‌లు రెడీగా కొనాలి, బిస్కెట్లు చేత్తో నింపాలి, టెఫ్లాన్ బెల్టు తెగుతూ ఉంటుంది, అంతా నిజమే. కానీ దాంట్లో సీల్ వేడి బార్ల మధ్య నుంచి నింపాదిగా నడుస్తుంది, తర్వాత చల్లార్చే బార్లు కూడా ఉంటాయి. మూల దగ్గర ఆ పాత బ్యాండ్ సీలరే ఈ కొత్త మిషన్‌ని 150 స్పీడ్‌లో ఓడిస్తుంది. అందుకే ఫ్లో ర్యాప్‌లోనే బాక్స్ మోషన్ జా అని ఒక రకం ఉంది. దాని దవడ గుండ్రంగా తిరగదు, ఫిల్మ్‌ని పట్టుకుని దాంతోపాటు కొంత దూరం నడిచి వదులుతుంది. స్పీడ్ తగ్గుతుంది, ధర పెరుగుతుంది, సీల్ మాత్రం గట్టిగా పడుతుంది.

ఇప్పుడు కోపం తెప్పించిన సంగతి. స్క్రీన్ మీద "ప్రొడక్ట్ అడ్డం వస్తే ఆగుతుంది" అనే ఆప్షన్ ఉంది. జా మూసుకునేటప్పుడు సరుకు మధ్యలో ఉంటే మోటార్‌కి లోడ్ పెరుగుతుంది, సర్వో ఆగిపోతుంది. సబ్బు బిళ్లతో డెమో చూపిస్తే అద్భుతంగా ఆగుతుంది. ఉస్మానియా మీద ఆగదు! బిస్కెట్ అంత లోడ్ ఇచ్చేలోపే నలిగి పొడైపోతుంది. మోటార్‌కి ఏమీ తెలియదు. పొడి సీల్‌లోకి వెళ్తుంది, పళ్లలో ఇరుక్కుని మాడుతుంది, తర్వాత వచ్చే ఇరవై ముప్పై ప్యాకెట్లు లీకవుతాయి. సెన్సిటివిటీ పెంచితే ఉత్తినే ఆగుతుంది, తగ్గిస్తే పట్టించుకోదు. మెత్తటి సరుకుకి ఇన్‌ఫీడ్ (బిస్కెట్లని మిషన్‌లోకి తోసుకెళ్లే దారి) మీదే సెన్సర్ పెట్టి, వరస పొడవు ఎక్కువైతే ఆ ప్యాకెట్‌ని ముందే ఖాళీగా వదిలేయాలి. అది ఎక్స్‌ట్రా అట. డెమోకి వెళ్లేటప్పుడు మీ బిస్కెట్లు రెండు ట్రేలు పట్టుకెళ్లండి, సబ్బు బిళ్ల చూసి అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇన్‌ఫీడ్ కింద పొడి రాలే జాలీ, ట్రే ఇచ్చారు, మంచిదే. సరుకుని ముందుకి తోసే వేళ్లు ప్లాస్టిక్‌వి, బిస్కెట్ అంచు చిట్లలేదు.

చల్లార్చడం గురించి ఒక మాట, ఇది మిషన్ తప్పు కాదు. బట్టీలో పది నిమిషాలు కాలితే కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు గాలికి ఆరాలి. చేతికి వెచ్చదనం తగలకూడదు. వేడిగా చుడితే లోపల ఆవిరి నీరవుతుంది, కొవ్వు కరిగి ఫిల్మ్‌కి అంటుకుంటుంది, సీల్ మీదికి జిడ్డు పాకుతుంది. ఇంకోటి, బిస్కెట్ నడిమధ్య తడి, అంచు పొడి ఉన్నప్పుడు ఆ తేడాకి ఒకటి రెండు రోజుల్లో వెంట్రుక పగుళ్లు వస్తాయి. షాపులో ప్యాకెట్ విప్పితే ముక్కలు. అందరూ రవాణాలో పగిలాయనుకుంటారు. సగం సార్లు కారణం బట్టీ దగ్గరే ఉంటుంది.

కంటి గుర్తు సెన్సర్ పర్వాలేదు. మెటలైజ్డ్ ఫిల్మ్ అద్దంలా మెరిసి సెన్సర్‌ని తికమక పెడుతుంది, అందుకని దాన్ని పది పదిహేను డిగ్రీలు వాల్చి బిగించండి. గుర్తు నడిచే దారిలో వేరే ప్రింట్ ఉండకూడదని డిజైనర్‌కి ముందే చెప్పండి. డేట్ కోడర్ ఈ ధరలో రాదు. తేదీ, బ్యాచ్ నంబర్, ఎంఆర్‌పీ లేకుండా ప్యాకెట్ బయటికి పంపలేరు కాబట్టి కొటేషన్‌లో అది కూడా రాయించుకోండి. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీకి వెళ్లేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కోడర్, స్టెబిలైజర్, అదనపు బ్లేడు, ఒక జత హీటర్లు ప్రాజెక్ట్ రిపోర్ట్‌లోనే ఉండాలి. బ్లేడు తెగిన రోజు కొరియర్ కోసం చూస్తూ కూర్చుంటే బట్టీ దగ్గర సరుకు పేరుకుపోతుంది.

కొనాలా? నిమిషానికి 60 ప్యాకెట్లతో పని జరిగే బేకరీ అయితే, లోపలి పొర మందంగా ఉన్న ఫిల్మ్ వాడతానంటే, కొనండి. వెనక అతుకు విషయంలో ఈ ధరలో దీనికి సాటి రాదు. 200 ప్యాకెట్లు అని లెక్క వేసుకుని ఉస్మానియా కోసం కొంటే మాత్రం వద్దంటే వద్దు. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి బాక్స్ మోషన్ తీసుకోండి, లేదా ఇదే మిషన్‌ని గట్టి బిస్కెట్లకి పెట్టుకోండి. ఇన్‌ఫీడ్ సెన్సర్‌ని ఎక్స్‌ట్రా అనడం మానేసి మిషన్‌తోపాటే ఇవ్వమని అమ్మేవాళ్లకి రాతపూర్వకంగా పంపాం. వాళ్లు అది బిగించి తెస్తే ఇదే బిస్కెట్, ఇదే ఫిల్మ్, ఇదే బకెట్‌తో మళ్లీ పరీక్షించి చూపిస్తాం.