కత్తి ఎత్తిన చెయ్యి ఎక్కడ ఆగాలి

అమ్మా, అయ్యా, అందరికీ నమస్కారం. జీడిపిక్కలు ఏరే రోజులివి, మన ఉద్దానంలో రాత్రిళ్లు తోటల్లోనే కాపలా పడుకుంటారు, తలగడ పక్కన కత్తి ఉంటుంది. ఈరోజు నేను చెప్పేది ఆ కత్తి గురించే. "దొంగని చంపేస్తే కేసుండదట కదా ప్లీడరు బాబూ?" అని చాలామంది అడుగుతుంటారు. ఉంటుంది.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, నిజమే. పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్న ఈ సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. ఎదుటివాడు ప్రాణం తీస్తాడనో, కాలో చెయ్యో విరిచేస్తాడనో భయపడటానికి తగిన కారణం ఉంటే, ఆడమనిషి మీద అత్యాచారానికి తెగబడితే, మనిషిని బలవంతంగా ఎత్తుకుపోతుంటే, యాసిడ్ పోయబోతే, అప్పుడు ఆపే ప్రయత్నంలో వాడి ప్రాణం పోయినా నేరం కాదు. మీ కోసమే కాదు, పక్కింటివాళ్ల కోసం అడ్డుపడినా అంతే. ఆస్తి దగ్గర మాత్రం చట్టం చెయ్యి బిగించింది.

మీ తోటలో ఒకడు బస్తా భుజానికెత్తుకున్నాడు అనుకుందాం. అది దొంగతనం. కేకలేయండి, పట్టుకోండి, బస్తా లాక్కోండి, చంపే హక్కు మాత్రం లేదు. వాడు బస్తాతో పోవడానికి మీ మీద కత్తి దూస్తే దొంగతనం కాస్తా దోపిడీ అవుతుంది, మీకూ ప్రాణభయం, అప్పుడు ఎదురు కొట్టొచ్చు, ఆ చీకట్లో దెబ్బని త్రాసులో తూచి కొట్టలేరని కోర్టులూ ఒప్పుకుంటాయి. ఇంతలో వాడి కత్తి జారిపడింది, వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. వాడి ప్రాణం తీసే హక్కు మీకు అక్కడితో అయిపోయింది. కోపమాగక వెంటపడి నరికితే ఆ గాయం వీపున ఉంటుంది, పోస్టుమార్టం కాగితంలో ఆ ఒక్క మాట చూశాక మీ తరఫున వాదించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముందస్తు ఆలోచన లేకుండా, ప్రాణం కాపాడుకునే ఉద్దేశంతోనే హద్దు దాటారని తేలితే హత్య కాకుండా దాని కింద మెట్టు నేరమవుతుంది, అయినా జైలే.

ఇంకొకటి, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. చిల్లంగి, అదే చేతబడి. ఏ ముసలామెనో పట్టుకుని "మా గుంటడికి చిల్లంగి పెట్టింది, చంపకపోతే వాడు పోయేవాడు" అంటే అది ఆత్మరక్షణ కాదు, హత్యే. ఆమె చేతిలో కర్రయినా లేదు! పిల్లాడికి జ్వరమొస్తే ఆసుపత్రి ఉంది, బెదిరింపు ఉంటే పోలీసులున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉన్నచోట ఈ హక్కే లేదు.

ఖర్మకాలి నిజంగానే అలాంటి రాత్రి వస్తే పారిపోకండి. 112కి ఫోన్ చేయండి, మీ ఒంటి మీద గీత పడినా డాక్టరుకి చూపించి రాయించండి. ఆత్మరక్షణ అని చూపించుకునే బాధ్యత మీదే, కానీ రవ్వంత అనుమానం కూడా మిగలకుండా రుజువు చేయక్కర్లేదు, అలా జరిగే అవకాశమే ఎక్కువని జడ్జిగారికి అనిపిస్తే చాలు. కత్తి కడగొద్దు. నెత్తురంటిన చొక్కా ఉతకడానికి ఇంట్లోవాళ్లు బకెట్టు తెచ్చినా ఆపండి, చిరిగిన ఆ జేబే రేపు మీ తరఫు సాక్ష్యం కావచ్చు.

ఇక మీరడగండి.