ఫోన్-ఇన్: ఆ రాళ్లు ఎక్కడివక్కడ పెట్టేయండి

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ పాత జపనీస్ తోటల్ని బాగుచేసుకోవడం గురించి. మొదటి ఫోన్ సియాటిల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: హలో, వినిపిస్తోందాండీ? మేము పోయినేడు ఇల్లు కొన్నామండీ, వెనకాల పాత ఓనర్లు వేయించిన జపనీస్ తోట ఉంది, రాతి దీపం, నీళ్ల తొట్టి, నడవడానికి రాళ్లు, అన్నిటి మీదా నాచే. మా అత్తగారు జారిపడతారని టెన్షన్. అందుకని మావారు ప్రెషర్ వాషర్...

నిపుణుడు: అయ్యో, కొట్టేశారా?

కాలర్: సగం కొట్టారండీ.

నిపుణుడు: మిగతా సగం వదిలేయండి. ప్రెషర్ వాషర్ తోటలోకి రానివ్వద్దమ్మా. ఆ నాచు పట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అడుగు వేసే చోట చీపురుతో రుద్దండి, సందుల్లోది ముట్టుకోకండి.

కాలర్: సరేనండీ. ఆ తొట్టి మరీ కిందకుందని, నడుం నొప్పెడుతోందని, మావారు ఇటుకలు పేర్చి ఎత్తు చేశారు...

నిపుణుడు: ఎత్తు చేశారా! అమ్మా, దాని పేరే త్సుకుబై, అంటే గొంతుక్కూర్చోవడం. జపాన్ వాళ్ల టీ వేడుక జరిగే గదిలోకి వెళ్లేముందు ఎంత గొప్పవాడైనా వంగి చేతులు, నోరు కడుక్కోవాల్సిందే. మన గుమ్మం దగ్గర గోలెం లాంటిదే గానీ నిలబడి చెంబుతో పోసుకునేది కాదు. ఇటుకలు తీసేయండి. దాని చుట్టూ మూడు రాళ్లుండాలే?

కాలర్: అడ్డంగా ఉన్నాయని మూలకి దొర్లించారండీ.

నిపుణుడు: (నవ్వుతూ) మీవారిని కొన్నాళ్లు తోటలోకి పంపకండి. చదునుగా ఉన్న పెద్దది తొట్టి ముందు, మనం కూర్చునేందుకు. పక్కవాటిలో ఒకటి రాత్రిపూట చేతిదీపం పెట్టడానికి, రెండోది చలికాలంలో వేడినీళ్ల బకెట్‌కి. ఏది ఏ పక్కన్నది టీ సంప్రదాయాన్ని బట్టి మారుతుంది, ఇల్లు అమ్మకానికి పెట్టినప్పటి ఫొటోలు వెతకండి. మధ్యలో గులకరాళ్ల పల్లం ఉంటుంది, దాన్ని 'ఉమి' అంటారు, సముద్రమని. నీళ్లు ఇంకకపోతే ఆకులు పూడినట్టే, గులకరాళ్లు తీసి శుభ్రం చేయండి.

కాలర్: రాతిదీపం ఒరిగిందండీ, సిమెంట్‌తో అతికించెయ్యమంటారా?

నిపుణుడు: వద్దు. ఆ ముక్కలు వాటి బరువు మీదే నిలబడతాయి. ఒరిగిందంటే కింద నేల కుంగింది. పైనుంచి ఒక్కొక్కటే దించి, తవ్వి, కంకర దట్టించి, లెవెల్ చూసి మళ్లీ పేర్చాలి. ఒక్కరే ఎత్తకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

కాలర్: అంటే, కొంచెం సిమెంట్ వేస్తే...

నిపుణుడు: సిమెంట్ వద్దన్నానమ్మా! భూకంపాల భయముంటే మధ్యలో స్టీలు కడ్డీ పెట్టించుకోండి, తెలిసిన మేస్త్రీతో. మీ ఊళ్లోనే 1960లో తెరిచిన జపనీస్ గార్డెన్ ఉంది, జుకి ఈదా డిజైన్ చేసింది. అక్కడి టీ హౌస్ 1973లో కాలిపోతే 1981లో మళ్లీ కట్టారు. మీవారిని కూడా తీసుకెళ్లి చూపించండి.

వ్యాఖ్యాత: థాంక్సండీ. శాన్ హోసే నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, వెదురు కంచె తాళ్లు తెగాయి. నైలాన్ కట్టొచ్చా?

నిపుణుడు: కట్టొచ్చు, చూడ్డానికి బాగోదు. షురో అని తాటిజాతి పీచుతో పేనిన నల్లతాడు దొరుకుతుంది, నానబెట్టి కడితే ఆరాక బిగుస్తుంది. కొత్త వెదురైతే కణుపుకి సరిగ్గా పైన కోయండి, లేకపోతే గొట్టంలో వాననీళ్లు నిలిచి కుళ్లుతుంది.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, త్వరగా చెప్పండి.

కాలర్: పైన్ చెట్టుని కరెంటు కత్తెరతో గుండ్రంగా...

నిపుణుడు: ఆపండి బాబూ! పైన్‌కి చేతులే కత్తెర. వసంతంలో లేత చిగుళ్లు తుంచాలి, ఆకురాలు కాలంలో పాత సూదులు దులపాలి. ప్రెషర్ వాషరూ అంతే, ఇదీ అంతే.

కాలర్: ఒక పక్కంతా ఎండిపోయిందండీ, మళ్లీ...

వ్యాఖ్యాత: టైమ్ అయిపోయిందండీ. వచ్చేవారం మళ్లీ చేయండి.